ఆపాను ఎవరడిగారు?

అమ్మీ చాలీస్వాఁ అయిన మర్నాడు ఆమె సందూక్ తెరిచాం. నిఖా నాటి జరీ దుపట్టా, అబ్బా కళ్లజోడు, హజ్‌కని కూడబెట్టి చివరికి ఎవరి దవాఖానా ఖర్చుకో తీసేయగా మిగిలిన నోట్ల చిన్న మూట. అన్నిటికంటే అడుగున, ఖురాన్ షరీఫ్‌కు కుట్టించిన పాత జుజ్‌దాన్‌లో, మడతపెట్టిన నాలుగు కాగితాలు. 2021లో నేను ఆఫీసులో ప్రింటు తీసి ఇచ్చిన కరోనా టీకా సర్టిఫికెట్లు. అమ్మీకి అరబ్బీ అక్షరాలు తప్ప వేరే చదువు రాదు. అయినా అవి ఏదో దువా తావీజ్‌లన్నట్టు దాచింది.

నాలుగింటినీ నేల మీద పరిచాను. అమ్మీది ఏప్రిల్. నాదీ మా బేగందీ జూన్. ఆపాది అక్టోబర్.

ఇంట్లో అందరికంటే ముందు వేయించాల్సిన మనిషికి అందరికంటే చివర వేయించాం. ఆ కాగితం మీద పేరుంది, వయసుంది, మందు పేరుంది. ఎందుకు ఆలస్యమైందో రాసే గడి మాత్రం లేదు. ఆ గడి నేను నింపాలి కాబట్టి ఇది రాస్తున్నా.

మా ఆపా 1975లో పుట్టింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. కర్నూలు పాతబస్తీలో మా ఇల్లు. ఆపాకు రెండేళ్లప్పుడు ఒక రాత్రి బుఖార్ కొట్టింది. సైకిల్ మీద తిరిగే ఒకాయన ఉండేవాడట, మొహల్లా అంతా ఆయన్ని డాక్టర్ సాబ్ అనేది. ఆయనొచ్చి తుంటికి సూది వేసి పోయాడు. తెల్లారేసరికి ఆపా రెండు కాళ్లూ తడిగుడ్డల్లా వాలిపోయాయి.

అప్పట్నుంచి అమ్మీ లెక్క ఒకటే. నా బిడ్డ కాళ్లు తీసుకున్నది సూది.

ఇది వట్టి వహెమ్ అని చదువుకున్న మేం కొట్టిపారేసేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత ఆఫీసు పని మీద పోలియో గురించి చదువుతుంటే తెలిసింది. పోలియో వైరస్ ఒంట్లో చేరి జ్వరం తెచ్చిన దశలో కండకు సూది పొడిస్తే, ఆ అవయవం చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లే గుర్తించారు. కాళ్లు తీసింది వైరసే. కానీ అక్కర్లేని ఆ సూది దానికి దారి చూపి ఉండొచ్చు. అమ్మీ భయంలో అంత నిజముంది. అందుకే దాన్ని ఆమె మనసులోంచి ఎవరం తీయలేకపోయాం.

మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో. పోలియో చుక్కలు అందులో చేరింది ఆ తర్వాత. ఆపా కాళ్లు పోయింది 1977లో. ఆ ఒకటి రెండేళ్ల తేడాతో ఆమె జిందగీ నేల మీద గడిచింది. కాళ్లతో తొక్కే మిషను కుదరదని అబ్బా చేతిమిషను కొనిచ్చారు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ జరుపుతూ మొహల్లా ఆడవాళ్లందరి జాకెట్లు కుట్టింది. నా డిగ్రీ ఫీజులో సగం ఆ చక్రం తిరిగి వచ్చిందే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరితే, ఆపా నా తెలుగు నోట్సు ముందేసుకుని తానూ అక్షరాలు దిద్దింది. ఇప్పుడు నేను రాసిన ప్రతి వార్తా మొదట చదివేది తనే.

1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు, సూదంటే వణికే అమ్మీ చుక్కల మందుకు మాత్రం మొహల్లాలో పెద్ద ప్రచారకర్త అయింది. అవేవో మందులు, పిల్లలు పుట్టకుండా చేస్తారట అని ఎవరైనా గొణిగితే చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి లాక్కొచ్చేది. మిషను ముందు కూర్చున్న ఆపాను చూపించేది. "చుక్కలు వేయించకుంటే ఏమైతదో చూడు" అనేది. వచ్చినవాళ్లు ఆపా కాళ్ల వైపు చూసి, "హాయ్ అల్లా" అనుకుంటూ పిల్లల్ని ఎత్తుకుని బూత్‌కు పోయేవాళ్లు. ఆపా తల వంచుకుని చక్రం తిప్పుతూనే ఉండేది.

అందులో తప్పేముందని అప్పుడు అనిపించలేదు. ఎన్ని కాళ్లు నిలబడ్డాయో కదా. 2011 జనవరి తర్వాత దేశంలో ఒక్క వైల్డ్ పోలియో కేసూ రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఆ రోజు వార్త నేనే రాశాను. ఆపా చదివి, "ముబారక్ రే" అంది. ఇంకేం అనలేదు.

2020లో కరోనా వచ్చింది. మాస్కులు దొరకని రోజులవి. ఆపా పాత లుంగీలు, మిగిలిన లైనింగు గుడ్డలు కత్తిరించి గల్లీ మొత్తానికి మాస్కులు కుట్టింది. పైసా తీసుకోలేదు. మేమంతా ఆ మాస్కులు పెట్టుకుని బయటికి పోయేవాళ్లం. ఆమె ఇంట్లో ఉండేది.

2021 మార్చి 1న అరవై దాటినవాళ్లకూ, 45 దాటి జబ్బులున్నవాళ్లకూ టీకాలు మొదలయ్యాయి. ఏయే జబ్బులో చెబుతూ కేంద్రం ఒక జాబితా ఇచ్చింది. దాన్ని తెలుగు చేసి పేజీలో పెట్టింది నేనే. ఆ జాబితా చివర్లో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగులు అని ఉంది. ఆ మాట టైపు చేసి, అచ్చుతప్పు లేకుండా చూసుకుని, ఇంటికొచ్చి, ఆపా వడ్డించిన అన్నం తిని పడుకున్నాను. ఆ మాటకూ మా ఆపాకూ సంబంధముందని నాకు తట్టలేదు.

ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ అన్నారు. ఆపాకు 46. ఇక జాబితాలతో పని లేదు. ఒకరోజు వార్డు వాలంటీరు పిల్ల రిజిస్టరు పట్టుకుని మా దర్వాజా దగ్గర నిలబడింది.

"సార్, మీ ఇంట్లో నలభై ఐదు దాటినోళ్లు ఎంతమంది?"

"ఒక్కరే. మా అమ్మీ."

ఆ మాట నేనే అన్నాను. పరదా వెనక చేతిమిషను చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. నేను దాన్ని వినీ విననట్టు ఊరుకున్నాను.

ఎందుకలా అన్నానంటే, నా దగ్గర మూడు కారణాలున్నాయి. అమ్మీ ముందే చెప్పేసింది: "నాకు రెండు సూదులేసినా సరే. ఉసే నక్కో రే, దానికి మాత్రం వద్దు." రెండోది, టీకా ఇచ్చే స్కూలు బిల్డింగులో మెట్లున్నాయి. మూడోది మా అందరి నోటా నలిగిన మాట: "వో తో ఘర్‌మేచ్ రైతీ నా." ఇంట్లోనే ఉంటుంది కదా, దానికెక్కడ అంటుతుంది?

మూడు కారణాలూ ఆపా గురించే. మూడింట్లో ఏ ఒక్కదాని గురించీ ఆపాను అడగలేదు.

రంజాన్ వచ్చింది. అమ్మీకి టీకా స్లాటు రోజాల్లోనే పడింది. సూది వేయించుకుంటే రోజా టూట్‌తా క్యా అని ఆమెకు ఫికర్. ఇమామ్ సాబ్‌ను అడిగించింది. కండకు వేసే సూదితో రోజా పోదని ఆయన చెప్పారు. ఆ ఏడాది చాలామంది ఉలెమా చెప్పిందీ అదే. ఒక్క పూటలో అమ్మీ అనుమానం తీరింది, ఎందుకంటే ఆమె అడిగింది, ఒకరు జవాబిచ్చారు. ఆపా సంగతి అమ్మీ ఎవర్నీ అడగలేదు. నేనూ ఏ డాక్టర్నీ అడగలేదు. పాతకాలపు పోలియో ఉన్న మనిషికి ఈ టీకా వేయొచ్చా అని ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. రోజుకు పది మంది డాక్టర్లతో మాట్లాడే ఉద్యోగం నాది.

ఈద్ అయిన పది రోజులకు నాకు జ్వరం. ఆస్పత్రుల ముందు వార్తల కోసం తిరిగి తెచ్చుకున్నదే. నాకు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆపాకు అంటుకుంది.

ఇంట్లోనే ఉండే మనిషికి ఎలా అంటిందని ఎవరూ అడగలేదు. ఆమెను బాత్రూంకు తీసుకెళ్లేది మా బేగం. నీళ్లు తోడిపెట్టేది అమ్మీ. సామాను అందించేది నేను. ఆరడుగుల దూరం పాటించండని రోజూ రాసేవాణ్ణి. మరొకరి చెయ్యి ఆసరా లేకుండా పూట గడవని మనిషికి ఆరడుగుల దూరం ఎక్కడిది? బయటికి పోయే మా అందరి ఊపిరీ చివరికి చేరేది ఆమె దగ్గరికే. ఇంట్లోనే ఉంటుంది కదా అన్న మాటకు అసలు అర్థం అది.

ఆక్సీమీటరు 88 చూపించిన రాత్రి ఆపాను ఆస్పత్రిలో చేర్చాం. కోవిడ్ వార్డులోకి అటెండెంటును రానివ్వరు. ఆడవాళ్ల వార్డు కాబట్టి నేనసలే పనికిరాను. "పేషెంటు కాళ్లు పనిచేయవు, దిగాలన్నా ఎక్కాలన్నా మనిషి కావాలి" అని గేటు దగ్గర చెప్పాను. "సిస్టర్లు చూసుకుంటారు" అన్నారు. నలభై మంది పేషెంట్లకు ఇద్దరు సిస్టర్లు. వాళ్లను తప్పుపట్టే ముఖం నాకు లేదు. మూడోరోజు ప్రెస్ కార్డు చూపించి, ఎవరెవరికో ఫోన్లు చేయించి, పీపీఈ కిట్టు వేసి మా బేగంను లోపలికి పంపగలిగాను. ఆమె వెళ్లేసరికి ఆపా పెదాలు పగిలిపోయి ఉన్నాయట. బాటిలు నిండుగా ఉంది. బాత్రూంకు తీసుకెళ్లమని ఎవర్నీ అడగలేక, రెండు రోజులుగా నీళ్లు తాగడం మానేసింది.

అల్‌హమ్దులిల్లా, ఎనిమిదో రోజు ఇంటికొచ్చింది. ప్రెస్ కార్డు లేని ఇళ్ల ఆడవాళ్లు ఆ వార్డులో ఏం చేశారో నేను రాయలేదు. వెళ్లి అడగనూ లేదు.

దయ చూడండి సార్, కొంచెం రహమ్ చేయండి సార్ అని గేటు దగ్గర బతిమాలాను కదా. ఆ మాటలతో పని లేకుండా అడగడానికి చట్టం ఉందని ఆ తర్వాత చదువుకున్నాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం గుర్తించిన 7 రకాల వైకల్యాలు ఇందులో 21 అయ్యాయి. దాని 25వ సెక్షను ఆరోగ్యం గురించి. సర్కారు దవాఖానా అయినా ప్రైవేటుదైనా ప్రతి భాగానికీ అడ్డంకి లేకుండా చేరే వీలుండాలి. చూడటంలో, చికిత్సలో వాళ్లకు ముందు వరస ఇవ్వాలి. 8వ సెక్షను ప్రకారం విపత్తుల్లోనూ అందరితో సమానమైన రక్షణ దక్కాలి. చట్టం వచ్చినప్పుడు దాని మీద నేనొక ఐటం రాసిన గుర్తు. సింగిల్ కాలమ్.

కరోనా నుంచి కోలుకున్నవాళ్లు మూడు నెలలు ఆగి టీకా వేయించుకోవాలన్నది అప్పటి నియమం. ఆగస్టు దాటింది. ఈసారి ఆపా తనే పిలిచింది.

"నాకు సూది వేయించు రే."

"అమ్మీ ఒప్పుకోదు ఆపా."

మిషను మీది చెయ్యి తీసి నా వైపు తిరిగింది. "చుక్కల కోసం పదిమందికి నన్ను చూపించారు. సూది కాడికొచ్చేసరికి నన్ను దాచేశారు. ఒక్కరే అన్నావు ఆ రోజు దర్వాజాలో. మిషను ఆపి విన్నా. వద్దన్నది అమ్మీ. సరే అన్నది నువ్వు. మేరేకు కోన్ పూఛే రే? నన్నెవరడిగారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆటో మాట్లాడుకుని సెంటరుకు పోయాం. పద్నాలుగు మెట్లు. కింద ఆటోలోనే వేయమని అడిగాను. లోపలికి రావాలి, వేశాక అరగంట కూర్చోవాలి, ఆటోలో కుదరదన్నారు. ఆపాను ఎత్తుకుని పోతానన్నాను. ఆపా వద్దంది. "నలభై ఆరేళ్ల ఆడదాన్ని. ఇంత క్యూ ముందు బియ్యం మూటలా ఎత్తుకుపోతావా?" ఇంటికి తిరిగొచ్చేశాం. అన్నగా తమ్ముడిగా మనం మోయడానికి సిద్ధంగా ఉంటే చాలనుకుంటాం. మోయించుకునే మనిషి ఇజ్జత్ ఎక్కడ పోతుందో మనకు తెలియదు.

అప్పటికి ఈ గోడు దేశమంతటా ఉంది. కోవిన్ వెబ్‌సైటును చూపులేనివాళ్లు వాడలేకపోతున్నారని సుప్రీంకోర్టు 2021 మే 31నే తన ఆదేశంలో ఎత్తిచూపింది. మేలో కేంద్రం వృద్ధులకూ వికలాంగులకూ ఇంటి దగ్గరలో సెంటర్లు పెట్టమంది. వికలాంగులకు ఇంటి గడప దగ్గరే టీకా ఇవ్వాలని ఎవారా ఫౌండేషన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. సెప్టెంబర్ నెలాఖరులో, కదల్లేనివాళ్లకు ఇంటికే వచ్చి టీకా వేస్తామని కేంద్రం ప్రకటించింది. టీకాలు మొదలైన ఎనిమిది నెలలకు.

ఆ ప్రకటన కాపీ పట్టుకుని వార్డు సచివాలయానికి పోయాను. అక్టోబర్‌లో ఒక పొద్దున ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఐసు డబ్బాతో మా ఇంటికొచ్చారు.

ఏఎన్ఎం మొదట అమ్మీని చూసి, "వేయమంటారా అమ్మా?" అంది. అలవాటు. తర్వాత ఆమెకే ఏదో తోచినట్టుంది. కుర్చీ పక్కకు జరిపి, చాప మీద ఆపా ఎదురుగా కూర్చుంది. "అక్కా, మీకు ఇష్టమేనా? అలర్జీలేమన్నా ఉన్నాయా? జ్వరం రావొచ్చు, ఒకట్రెండు రోజులుంటది. మీకేమన్నా అడగాలనుందా?" అంది.

ఆపా అడిగింది. "చిన్నప్పుడు సూదేసినాకే కాళ్లు పోయినయ్ నాకు. ఇది కూడా అట్ల చేస్తదా?"

అంటే అమ్మీ భయం ఆపాకూ ఉంది. నలభై నాలుగేళ్లు మోసింది. ఆమెకు భయం లేదని కాదు, ఆ భయాన్ని తనే చూసుకుంటానని అడుగుతోంది. అప్పుడు ఒంట్లో పోలియో ఉండి ఉంటుందనీ, ఇప్పుడు జ్వరం లేదు కాబట్టి ఆ తీరు వేరనీ ఏఎన్ఎం నిదానంగా చెప్పింది. అమ్మీ వంటింట్లో తస్బీ పట్టుకుని నిలబడింది. ఆపా చెయ్యి చాచింది.

ఉర్దూ స్కూల్లో మా ఉస్తాద్ ఒక వాకియా చెప్పేవారు. మక్కా సర్దార్లతో రసూలుల్లా ముఖ్యమైన మాటల్లో ఉండగా, కంటిచూపు లేని అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ వచ్చి ఏదో అడగబోవడం, ఆయన ముఖం తిప్పుకోవడం, దాని మీదే సూరె అబస దిగిరావడం. అంధుల మీద రహమ్ చూపండని ఈ వాకియా ద్వారా మాకు బోధించేవారు. ఆ పొద్దున నాకు ఇంకోటి తోచింది. ఆయన ఖైరాత్ కోసం రాలేదు. తనంతట తాను నడిచొచ్చి ఒక సవాల్ అడిగాడు. అతని మాట వినకపోవడమే ఆ రోజు జరిగిన తప్పు. తర్వాత ఆయనే మదీనాలో అజాన్ ఇచ్చాడు. రసూలుల్లా ఊరు దాటినప్పుడు మదీనా బాధ్యత కూడా ఆయనకు అప్పగించారు.

అరగంట కూర్చోవాలి కదా. చాయ్ తాగుతూ ఏఎన్ఎం అడిగింది. "ఈ వార్డులో ఇట్లా బయటికి రాలేనోళ్లు ఇంకెవరన్నా ఉన్నారా?" నేను ఆలోచిస్తున్నా. ఆపా వేళ్లు మడుస్తోంది. చూపు పోయిన ఒక హాఫిజ్ సాబ్. కండరాల జబ్బుతో మంచం దిగని ఒక పిల్లవాడు. పక్షవాతం వచ్చిన ఒక ఖాలా. చెల్లెళ్ల రిష్తాలు చెడిపోతాయని పదేళ్లుగా ఎవరికీ చూపించని ఒక అమ్మాయి. మొత్తం ఏడిళ్లు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు గుట్టుగా చెప్పుకున్నవన్నీ ఆమె దగ్గరున్నాయి. ఏఎన్ఎం రిజిస్టరు వెనక పేజీలో రాసుకుంది. పుట్టి పెరిగిన మొహల్లా, ఇరవై ఏళ్ల జర్నలిజం, వాటిలో రెండిళ్లు మాత్రమే నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆపా ఒక్కో ఇంటికీ ఫోన్ చేసింది. ఇంటివాళ్లు మాట్లాడుతుంటే ఆపి, "ఫోను వాళ్లకియ్యి, వాళ్లనే అడుగుతా" అనడం విన్నాను. ఒకరు వద్దన్నారు. ఆపా బలవంతం చేయలేదు. బలవంతంగా ఎవరికీ టీకా వేయకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వద్దనే హక్ కూడా ఆ మనిషిదే, ఇంటివాళ్లది కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. లెక్కకు వచ్చిన ఇంటికి ఎవరో ఒకరు దర్వాజాలో నిలబడి జవాబు చెప్పి ఉంటారు. వాళ్లలో నాలాంటివాళ్లు ఎంతమందో.

ఇది చదివే మీ ఇంట్లోనో బంధువుల్లోనో అలాంటి మనిషి ఉంటే మూడు పనులు చేయండి. యూడీఐడీ కార్డు తీయించండి, సదరం సర్టిఫికెట్‌తో ఆగిపోవద్దు. దవాఖానాలో మెట్ల దగ్గరో వార్డు గేటు దగ్గరో ఆపేస్తే 2016 చట్టం 25వ సెక్షను పేరెత్తి అడగండి, వినకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు అర్జీ పెట్టండి. ఈ రెంటికంటే ముందు, డాక్టరు మిమ్మల్ని చూసి అడిగిన ప్రశ్నను ఆ మనిషి వైపు తిప్పండి.

అమ్మీ చివరిదాకా సూది మీద మనసు మార్చుకోలేదనే అనుకున్నాను. సందూక్‌లో నాలుగు కాగితాల్లో ఆపాది మాత్రం విడిగా, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది.

ఎప్పటిలాగే ఇది కూడా మొదట ఆపాకే చదివి వినిపించాను. పూర్తిగా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఒక్క తప్పు పట్టింది.

"సాత్ నై రే, నౌ. తర్వాత ఇంకో రెండిళ్లు తెలిసినయ్. సరిగ్గా రాసుకో."